డిన్నర్ వేళకి వస్తానంది

నోరీన్ పొద్దున్నే వంటింటి బల్ల అంచుకి కీమా మర బిగిస్తోంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆమె ఆ మరని కడిగి తుడిచి పెట్టడమే తప్ప ఒక్కసారి కూడా తిప్పింది లేదు. తిప్పనిస్తే కదా. ఆ ఇనప మర క్లిఫ్ వాళ్ళ నాన్నది, ఆయన తర్వాత క్లిఫ్‌ది. సాసేజీలు చెయ్యడం మొగుడి పని, బంగాళాదుంపలు ఉడికించి మాష్ చెయ్యడం పెళ్ళాం పని. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టిన శనివారాల్లో ఆ ఇంట్లో సాయంత్రం దాకా మాటలుండేవి కావు. ఉత్తర ఇంగ్లండులోని ఆ బార్న్‌స్లీలో చాలా కాపురాలు ఇలాంటి సరిహద్దుల మీదే చల్లగా సాగిపోతుంటాయి.

"అటు కాదు. ఎడమకి తిప్పు," అన్నాడు క్లిఫ్ కుర్చీలోంచి.

అనడమంటే గట్టిగా అనడం కాదు. రేడియేషన్ అయ్యాక అతని గొంతులో మాట పోయి గుసగుస మిగిలింది.

"ఎడమకే తిప్పుతున్నా."

"అది నీ ఎడమ. మరకి ఎడమ కాదు."

"మరకి కుడీ ఎడమా కూడానా? ఇలాంటి బుర్ర పెట్టుకుని ముప్పయ్యేళ్ళు బస్సు ఎలా నడిపావయ్యా?"

"నువ్వు ఎక్కకుండా చూసుకుని నడిపా."

నోరీన్‌కి నవ్వొచ్చింది, కానీ చూపించలేదు. ఈ మాత్రం వెటకారం అతని నోట విని ఎన్నాళ్ళయిందో. గొంతులో గడ్డ పోయిందని డాక్టర్లు చెప్పి నెలలవుతోంది. గడ్డతో పాటు మింగడం కూడా పోయింది. చొక్కా బొత్తాల సందులోంచి బయటికి వచ్చే సన్నటి గొట్టంలో సీసాలోని తెల్లటి ద్రవం పోస్తే అది తిన్నగా కడుపులోకి పోతుంది. క్లిఫ్ తిండి అదే. వంటింట్లోంచి వాసనొస్తే అతను మొహం తిప్పుకునేవాడు. అది చూడలేక నోరీన్ పెరట్లో బట్టలుతికే గదిలో నిలబడి, రొట్టె ముక్కల మధ్య చీజ్ పెట్టుకుని గబగబా మింగి వచ్చేది. తిన్నాక మూతి తుడుచుకుని మరీ లోపలికి వచ్చేది. ఏదో తప్పు చేసినదానిలా ఉండేది ఆమెకి.

గొట్టం తియ్యాలంటే ముందు నోటితో మింగాలి. ఒకసారి ప్రయత్నించారు. చెంచాడు కస్టర్డ్ తప్పుదారి పట్టి, క్లిఫ్ మొహం నల్లబడిపోయి, వీధి చివర నుంచి అంబులెన్స్ మోత పెట్టుకుంటూ వచ్చింది. ఆ రోజు నుంచి మొండికేశాడు. చెంచా చూస్తే చాలు, పెదాలు బిగించేవాడు. డాక్టరమ్మ మాత్రం మొహమాటం లేకుండా చెప్పేసింది: మింగకుండా కూర్చున్నకొద్దీ గొంతు బిగుసుకుపోతుంది, ఈ వేసవి దాటిందంటే ఇక జన్మంతా గొట్టమే. ఆ మాట విన్న దగ్గర్నుంచి నోరీన్ కంటి మీద కునుకు లేదు. క్లిఫ్ ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు. అతను కిటికీ దగ్గర కూర్చుని ఎదుటి వాళ్ళ గోడ చూస్తూ ఉండేవాడు.

నిన్న ఇమొజెన్ వచ్చింది. మింగడం మళ్ళీ నేర్పించే అమ్మాయి. ఎక్కడో దక్షిణాన సర్రేలో పుట్టి పెరిగి, ఈ మధ్యే ఉద్యోగానికి ఈ ఊరొచ్చింది. మాట్లాడుతుంటే వార్తలు చదువుతున్నట్టు ఉంటుంది. ఆ పిల్ల క్లిఫ్ ఎదురుగా నేల మీదే కూర్చుని, కస్టర్డ్ సంగతీ నీళ్ళ సంగతీ ఎత్తకుండా ఒకే మాట అడిగింది.

"క్లిఫ్ గారూ, ఈ లోకంలో మీకు అన్నిటికంటే ఏది తినాలనుంది?"

అతను కిటికీ మీంచి చూపు తిప్పాడు. "సాసేజీలు, మాష్," అన్నాడు. "కొట్లోవి కాదు. మా ఇంటివి."

"అయితే అవే చేద్దాం. తోలు తీసేసి, ఫోర్కుతో మెత్తగా చిదిపి, గ్రేవీలో బాగా నానబెట్టి పెట్టండి. కానీ నేను ఎదురుగా ఉన్నప్పుడే తినాలి. నేను రాకుండా ఒక్క చెంచా కూడా వద్దు. రేపు డిన్నర్ వేళకి వస్తాను, సరేనా?"

"డిన్నర్‌కే కదా?" అని గడ్డం గుండెకి ఆనించి మింగడం, మింగాక ఆ అని చూడటం నేర్పి వెళ్ళబోతున్న ఇమొజెన్‌ని నోరీన్ గుమ్మం దగ్గర మళ్ళీ అడిగింది.

"ఆ, డిన్నర్‌కే. తప్పకుండా వస్తాను," అంది ఇమొజెన్.

అందుకని ఇవాళ నోరీన్ చేతికి మర వచ్చింది. క్లిఫ్ చేతుల్లో దాన్ని తిప్పే సత్తువ లేదు. ఉన్నదల్లా చెప్పే సత్తువ. అది మాత్రం కొదవ లేకుండా ఉంది. పంది భుజం మాంసం, కొవ్వున్న పొట్ట మాంసం ముక్కలు కోసి ఫ్రిజ్‌లో చల్లబెట్టించాడు. మరలో ఒకసారి పెద్ద కన్నాల బిళ్ళతో, ఇంకోసారి చిన్న కన్నాల బిళ్ళతో ఆడించాడు. ఎండు రొట్టె పొడి చల్లటి నీళ్ళలో నానబెట్టించాడు. సేజ్ ఆకు పెరట్లోంచి అప్పటికప్పుడు కోసుకు రమ్మన్నాడు. ఉప్పూ, తెల్ల మిరియాల పొడీ, చిటికెడు జాజికాయ.

"కలుపు. పిసక్కు, కలుపు. మాంసం వెచ్చబడితే కొవ్వు కరుగుతుంది. నీ చేతులు వేడి."

"పెళ్ళికి ముందు ఆ చేతుల్నే కదా వదలకుండా పట్టుకు తిరిగావు."

"అప్పుడు సాసేజీలు చెయ్యట్లేదు కదే."

చెయ్యి ముంచిన చల్లనీళ్ళు చిందించి అతని మొహం మీద కొట్టింది నోరీన్. అతను తుడుచుకోలేదు.

ఇక రుచి చూడ్డం మిగిలింది. సాసేజ్‌కి తోలుగా వాడే పేగుల్లోకి మాంసం ఎక్కించే ముందు చిన్న బిళ్ళంత తీసి పెనం మీద వేయించి రుచి చూడాలి. ఇన్నేళ్ళూ ఆ ముక్క క్లిఫ్ నోట్లోకే వెళ్ళింది. అందులో వాటా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ముక్క వేగి అంచులు ఎర్రబడ్డాయి. నోరీన్ ఫోర్కుతో గుచ్చి పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక అలా నిలబడింది.

"తిను," అన్నాడు.

ఆమె అటు తిరిగి తినబోయింది.

"ఇటు తిరిగి తిను. ఎలా ఉందో చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

"బాగానే ఉంది."

"బాగానే అంటే? మిరియం ముందు తగులుతోందా, చివర్లోనా?"

"చివర్లో. గొంతులోకి పోయాక."

"సేజ్?"

"ముక్కులో ఉంది."

క్లిఫ్ తల ఊపాడు. "అయితే సరిపోయింది," అన్నాడు, తనే తిన్నంత ధీమాగా.

ఉప్పులో ఊరేసిన పేగులు మాంసం కొట్టువాడు ఇచ్చాడు. వాటిని కడిగి మర మూతికి తొడిగే దగ్గర చిన్న యుద్ధమే అయింది. ఎలాగూ తోలు తీసేసి పెట్టాలి కదా, పేగుల్లోకి ఎక్కించడమెందుకు, ఉండలు చేసి వేయిద్దాం అంది నోరీన్. తోలు లేకపోతే అది సాసేజ్ ఎలా అవుతుంది, ఆస్పత్రి ముద్ద అవుతుంది, నాకు ముద్దలొద్దు అన్నాడు క్లిఫ్. ఆ గుసగుసలోనే ఎంత పౌరుషం ఉందో చూసి ఆమె ఊరుకుంది. ఆమె మర తిప్పుతుంటే కొండచిలువలా సాగిన ఆ పొడుగాటిదాన్ని క్లిఫ్ రెండు చేతులతో అందుకుని మెలివేశాడు. ఒకటి ఇటు, ఒకటి అటు, మూడేసి కలిపి ఒక గుత్తి. సత్తువ లేని చేతులు ఆ మెలిక మాత్రం మరిచిపోలేదు.

తర్వాత మాష్. అది నోరీన్ రాజ్యం. బడిపిల్లలకి వండిన చెయ్యి ఆమెది, బడి వంటింట్లో జుట్టు నెరిసింది. దుంపలు ఉడికాక నీళ్ళు వంచి, వట్టి గిన్నెని మళ్ళీ పొయ్యి మీద పెట్టి తడి ఆరనిచ్చింది. వేడి పాలు, వెన్న. మెదిపింది గానీ చిలకలేదు. చిలికితే జిగురవుతుంది. ఇవాళ మాత్రం ఒక్క ఉండ కూడా ఉండకూడదని జల్లెడలోంచి కూడా వత్తింది. బడిలో ఆ పని ఎన్నడూ చెయ్యలేదు. సన్న మంట మీద సాసేజీలు పగలకుండా నెమ్మదిగా వేగాయి. ఉల్లిపాయలు గోధుమ రంగు తిరిగి గ్రేవీలో కరిగిపోయాయి.

పన్నెండయింది. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, కంచాలు పెట్టి, నోరీన్ వీధి తలుపు కొంచెం తెరిచి ఉంచింది. క్లిఫ్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

ఇమొజెన్ రాలేదు.

ట్రాఫిక్‌లో చిక్కుకుందేమో అనుకుంది నోరీన్. గ్రేవీ మీద మీగడలా పొర కట్టింది. ఆమె దాన్ని తీసేసి మళ్ళీ వేడి చేసింది. వీధిలోకి వెళ్ళి అటూ ఇటూ చూసి వచ్చింది. ఆఫీసుకి ఫోన్ చేస్తే, అందరూ పనిలో ఉన్నారు, మీ సందేశం చెప్పండి అని మిషన్ పలికింది. నోరీన్ సందేశం చెప్పకుండానే ఫోన్ పెట్టేసింది. గ్రేవీ మళ్ళీ పొర కట్టింది.

"రాదులే," అన్నాడు క్లిఫ్. పొద్దుటి గొంతు కాదది. "వాళ్ళ దగ్గర ఒక లెక్క ఉంటుంది. వీడు మింగుతాడు, వీడు మింగడు అని."

"నోర్ముయ్."

"మూసే ఉంది కదా ఇన్నాళ్ళూ."

నోరీన్ గ్రేవీ గిన్నె పొయ్యి మీంచి దించింది. పొద్దుట్నుంచి తను కట్టుకున్నదంతా కళ్ళముందే కూలిపోతోంది. ఇప్పుడు ఈ మనిషి లేచి కిటికీ దగ్గరికి పోతే మళ్ళీ ఈ బల్ల దగ్గరికి రాడు, ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆ పిల్ల మీద మండిపోయింది. సర్రే వాళ్ళందరి మీదా మండిపోయింది. కడుపులో ఆకలి కూడా మండుతోంది, పొద్దుట్నుంచి ఆ బిళ్ళ ముక్క తప్ప ఏమీ పడలేదు.

"చల్లారిపోతోంది. నువ్వన్నా తిను," అన్నాడు క్లిఫ్.

"నాకు ఆకలిగా లేదు."

"ఇక్కడే తిను, నోరీన్. ఆ గదిలోకి పోయి చీజ్ నమలకు. నాకు తెలీదనుకున్నావా? వంటింటి కిటికీలోంచి నీ తల కనిపిస్తుంది."

ఆమెకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కూర్చుని ఒక సాసేజ్ కోసింది. కోపమొచ్చినా బాధొచ్చినా తిండి దగ్గర ఆమెకి ఒడుపు తప్పదు. తోలు చీల్చి పక్కన పెట్టి, లోపలిది చిదిపి, మాష్‌లో కలిపి, గ్రేవీ పోసింది. ఇలా ఎందుకు చిదిపిందో ఆమెకే తెలియదు. తన పళ్ళు బాగానే ఉన్నాయి. తినడం మొదలుపెట్టింది. కన్నీళ్ళు గ్రేవీలో పడుతున్నా పట్టించుకోలేదు.

క్లిఫ్ ఆమెనే చూస్తున్నాడు. చూసి చూసి చెయ్యి చాచాడు. బల్ల మీద ఉన్న చిన్న చెంచా తీసుకుని, ఆమె కంచం అంచు నుంచి గోరంత ముద్ద తీశాడు.

నోరీన్ వద్దు అనబోయింది. ఆ పిల్ల చెప్పిన మాటా, అంబులెన్సూ, నల్లబడిన మొహమూ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. కానీ ఇప్పుడు తను వద్దంటే ఈ నోరు మళ్ళీ ఎన్నటికీ తెరుచుకోదు. పళ్ళు బిగపట్టి, ఎడం చేత్తో ఫోన్ దగ్గరికి జరుపుకుంది. అంతకంటే ఏమీ చెయ్యలేదు.

అతను చెంచా నోట్లో పెట్టుకున్నాడు. గడ్డం గుండెకి ఆనించాడు, ఇమొజెన్ నేర్పించినట్టే. గొంతు ముడి పైకి లేచింది, మధ్యలో ఆగింది. ఆగి అలాగే ఉండిపోయింది. నోరీన్ వేలు ఫోన్ మీదికి వెళ్ళింది. ముడి ఇంకోసారి ఎగిరి కిందికి దిగింది. ఒక్క దగ్గు, పొడి దగ్గు. తర్వాత మళ్ళీ మింగాడు.

"ఆ అను," అంది నోరీన్. "ఆ అని చూపించు. లోపల గరగరలాడితే అది తప్పుదారి పట్టినట్టు, ఆ పిల్ల చెప్పింది కదా. ఆ అనవయ్యా."

క్లిఫ్ తల ఎత్తాడు.

"మాష్‌లో ఉప్పు చాల్లేదు," అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె మాష్‌కి వంక పెట్టే ధైర్యం అతను చెయ్యలేదు. గరగర లేదు, మాట శుభ్రంగా ఉంది. పైగా ఉప్పు. రేడియేషన్‌తో చచ్చిన నాలిక్కి రుచి తిరిగొస్తుందో రాదో చెప్పలేమని డాక్టర్లు చేతులెత్తేశారు కదా, ఆ నాలిక్కి ఉప్పు చాలలేదని తెలిసింది. నోరీన్‌కి ప్రాణం లేచొచ్చింది. లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. పెట్టి అక్కడే కూర్చుంది.

"ఇంత ఉప్పు కావాలంటే అప్పుడే చెప్పొచ్చు కదా," అంది ఏడుస్తూ.

"ఇప్పుడే కదా తిన్నా."

గోరంత ముద్దలుగా, ముద్దకీ ముద్దకీ మధ్య చాలాసేపు ఆగుతూ, అతను చిన్నపిల్లాడి కంచమంత తిన్నాడు. సాసేజ్ ముద్ద దగ్గర కళ్ళు మూసుకున్నాడు. ఎలా ఉందో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. తిన్నాక కుర్చీలో నిటారుగా కూర్చునే గురక పెట్టాడు. నోరీన్ అతని పక్కనే కూర్చుని ఆ గురక వింటూ ఉంది. పెళ్ళయినప్పటి నుంచీ తిట్టుకుంటూ వచ్చిన ఆ గురక ఆ మధ్యాహ్నం ఎంత వింటే అంత హాయిగా ఉంది.

సాయంత్రం ఆరింటికి తలుపు చప్పుడైంది. చక్కగా దువ్వుకున్న తలతో, చేతిలో సంచితో ఇమొజెన్ నిలబడి ఉంది.

"సరిగ్గా వేళకి వచ్చానా?" అంది నవ్వుతూ.

నోరీన్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "డిన్నర్‌కి వస్తానని చెప్పి ఇప్పుడా తల్లీ రావడం?"

"డిన్నర్‌కే వచ్చాను కదండీ."

"ఇది టీ వేళ."

ఇమొజెన్ పొయ్యి మీది కెటిల్ వైపు చూసింది. "టీ తర్వాత తాగుతానండీ, ముందు ఆయన తినేది..."

"టీ తాగడం కాదమ్మా, తినడం. సాయంత్రం తినేది టీ. ఇక్కడ మేం డిన్నర్ పన్నెండింటికి తింటాం."

"పన్నెండింటికి తినేది లంచ్ కదా?"

"లంచ్‌ట," అన్నాడు క్లిఫ్ కుర్చీలోంచి.

ఇమొజెన్ మొహంలో రంగు మారడం నోరీన్ చూసింది. పాపం, ఆ పిల్లకి ఒక్కొక్కటే అర్థమవుతోంది. పన్నెండింటి నుంచి వీళ్ళు తన కోసం ఎదురు చూశారు. బల్ల మీద కడగని కంచం, అందులో గ్రేవీ మరక, ఒక చిన్న చెంచా.

"తిన్నారా?" అంది మెల్లగా. "నేను లేకుండా తిన్నారా?"

తర్వాత ఆమె కోప్పడింది. కోప్పడాల్సిందే, ప్రాణం మీదికి వచ్చేది. నోరీన్ తలొంచుకుని అన్నీ పడింది. ఇమొజెన్ అతని వీపు మీదా ఛాతీ మీదా స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయంది. ఇప్పుడు తన ఎదురుగా మళ్ళీ తినమంది. నోరీన్ మిగిలింది వేడి చేసి తెచ్చింది. ఇమొజెన్ రెండు వేళ్ళు అతని గొంతు మీద ఆనించి పెట్టింది. క్లిఫ్ మింగాడు. ఇంకోటి మింగాడు. మూడో ముద్దకి ఆమె వేళ్ళు తీసేసింది.

"ఈ గొంతు పనిచేస్తోందండీ," అంది. "నిదానంగా వెళ్ళాలి, గొట్టం కొన్నాళ్ళు ఉండాలి, నేను ఉన్నప్పుడే కొత్తవి తినాలి. కానీ దారిలో పడింది. గొట్టం తీసేస్తామని నాకు నమ్మకం ఉంది."

నోరీన్‌కి ఏదో అనాలనిపించింది. థాంక్స్ చెప్పాలనుకుంది. నోటికి వచ్చింది మాత్రం వేరు.

"నేను నల్లకోటు ఉతికించి పెట్టుకున్నానమ్మా," అంది. "అంత్యక్రియలకి వేసుకునేది. మార్చిలోనే. ఇంక ఈ మనిషి ఉండడనే అనుకున్నా. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు."

ఇమొజెన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను చూశా," అన్నాడు క్లిఫ్.

నోరీన్ గిర్రున తిరిగింది. "ఏం చూశావు?"

"మెట్ల మీద నుంచి. అద్దం ముందు వేసుకుని అటూ ఇటూ తిరిగావు. భుజాల దగ్గర బాగా కుదిరింది. ఆ రోజే అనుకున్నా, సరే, నా అంత్యక్రియల్లో నువ్వు చూడ్డానికైనా బావుంటావు అని."

"చూసి కూడా నోరు మెదపలేదా?"

"నోరు మెదిపే స్థితిలో ఉన్నానా నేను?"

నోరీన్ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగలేదు. బల్ల అంచు పట్టుకుని, గుండెల్లో ఇన్నాళ్ళూ పేరుకున్నదంతా కరిగి పోయేదాకా నవ్వింది, ఏడ్చింది, ఏది ఏదో తెలియలేదు.

"ఇప్పుడా కోటు ఏం చేస్తావు?" అన్నాడు క్లిఫ్. "ఇచ్చెయ్ ఎవరికన్నా," అని ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఎందుకిస్తా? మంచి ఉన్ని కోటు," అంది నోరీన్ కళ్ళు తుడుచుకుంటూ. "ఈ వీధిలో నీకంటే ముందు పోవాల్సినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు."

క్లిఫ్ భుజాలు కదిలాయి. గొంతు పెద్దగా రాలేదు గానీ అది నవ్వే. ఇమొజెన్ భయపడి గభాల్న అతని గడ్డం కింద చెయ్యి పెట్టింది, నోట్లో ముద్ద ఉండగా నవ్వకూడదని. అతను గడ్డం వంచి, ముద్ద దించుకుని, ఆ తర్వాత తీరిగ్గా నవ్వాడు.